అంగట్లో గుట్టు భాష

తమిళనాట పొల్లాచ్చి కొబ్బరి మండీలో నా నోటికి భయపడని వ్యాపారి లేడు. మా అంగట్లో గల్లా దగ్గర కూర్చునేది నేనే. అలాంటిదాన్ని, అమ్మ చనిపోయిన ఏడాది మాట్లాడడం మానేశాను. అలిగి కాదు. మాట గొంతు దాకా వచ్చి, ఎందుకులే అని వెనక్కి పోయేది. అన్నం సయించదు, నిద్ర పట్టదు, స్నానం చేయడం కూడా పెద్ద పనే. డాక్టరు డిప్రెషన్ అన్నాడు. మాత్రలు రాసి, వాటితో పాటు కోయంబత్తూరు ఆసుపత్రిలో ఒక కౌన్సిలరమ్మతో వారం వారం మాట్లాడి రమ్మన్నాడు. నోరే పెగలని దాన్ని పట్టుకుని మాట్లాడమంటాడేంటి, ఈయన మొహం, అనుకున్నాను.

మా ఇళ్ళల్లో కోడలు ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళదు. అత్త కూడా బయల్దేరింది, మురుకుల డబ్బాతో సహా. కౌన్సిలరమ్మ తమిళావిడ. ఆమె నన్ను ఏమడిగినా జవాబు అత్తదే. బాగా తింటుందమ్మా, బాగా పడుకుంటుందమ్మా, మాకేం లోటు లేదమ్మా. వ్యాపారం ఎలా ఉందని ఎవరడిగినా మేం చెప్పే జవాబు అదే మరి. కౌన్సిలరమ్మ ఒక మురుకు కరకరా నమిలి, బాగుందని మెచ్చుకుని, అత్తను మర్యాదగా బయట కూర్చోమంది.

నేను మాత్రం తక్కువదాన్నా? "నల్లా ఇరుక్కేన్" అన్నాను, బాగానే ఉన్నానని. నాది అంగడి తమిళం. అందులో బేరమాడగలను గాని ఏడవలేను.

ఆవిడ, ఇంట్లో ఏ భాషలో పోట్లాడతారని అడిగింది. తెలుగులో అన్నాను. అయితే తెలుగులోనే మాట్లాడండి, నాకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, చెప్పగలిగినంత తర్వాత తమిళంలో చెప్దురుగాని, అంది.

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో! అంగట్లో తెలుగు మాకు గుట్టు భాష. కొనేవాడు ఎదురుగా నిలబడి ఉండగానే, వాడికి ఏ ధరకి ఇవ్వాలో మా ఆయనా నేనూ తెలుగులో తేల్చేసుకుంటాం. తమిళావిడ ముందు తెలుగు మాట్లాడడమంటే తెర వెనక మాట్లాడినట్టే. మొదట ఆ గదిలో కీచుమంటున్న ఫ్యానును తిట్టాను. ఆ తర్వాత ఆగలేదు. అమ్మ కర్మ అయిన మర్నాడే అత్త నన్ను గల్లా ముందు కూర్చోబెట్టిందనీ, పెళ్ళిళ్ళ సీజను, ఏడుపు మొహం పెట్టకు అందనీ, మా అమ్మ కోసం నేనింకా ఏడవనే లేదనీ చెప్పాను. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా వింది. ఏడుపు ఆగాక, అందులో సగం తమిళంలో చెప్పాను.

తలుపు తీసి బయటికి వస్తే, దానికి ఆనుకునే అత్త కూర్చుని ఉంది. ఆ ఆసుపత్రిలో తెలుగు తెలిసిన ఒకే ఒక్క మనిషి! నా ప్రాణం పోయినంత పనైంది.

బస్సులో అత్త మురుకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంక నన్ను ఆ ఆసుపత్రికి పోనివ్వదనుకున్నాను. ఇప్పుడిప్పుడే పెగిలిన గొంతు మళ్ళీ మూసుకుపోతుందేమోనని నిజంగా భయపడ్డాను.

వారం తిరిగింది. పొద్దున్నే అత్త ముస్తాబై, మురుకుల డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఆసుపత్రికి వెళ్ళాక తలుపు దగ్గర కూర్చోలేదు. వరండా ఆ చివరికి, క్యాంటీన్ పక్కకి నడిచింది.

"నాకు ఈడికి ఏమీ వినపడదు. నువ్వు గట్టిగానే మాట్లాడు మే" అంది.

అలా నెలల తరబడి వెళ్ళాం. ఒక వారం మంచిగా ఉండేది, ఒక వారం మళ్ళీ మొదటికొచ్చేది. తెలుగులో చెప్పే భాగం తగ్గి, తమిళంలో చెప్పగలిగేది పెరిగింది. అన్నం రుచి తెలిసింది. ఒకరోజు తిరిగి వచ్చేటప్పుడు, బస్సు కోయంబత్తూరు దాటగానే అత్త నా వైపు తిరిగింది.

"మీ అమ్మ చారు ఎట్ల కాచేది? నాకూ చెప్పు."

చారు సంగతి చెప్పాను. అమ్మ కోపం, అమ్మ నవ్వు, అమ్మ అబద్ధాలు, అన్నీ చెప్పాను. పొల్లాచ్చి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. కండక్టరు వచ్చి, కాస్త మెల్లగా మాట్లాడమ్మా, బస్సంతా వినపడుతోంది అన్నాడు.