ఆగమన్న తెర

ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్‌లకు లైట్లు అద్దెకిచ్చే గోడౌన్ ఒకటుంది. అక్కడి కంప్యూటర్‌కి మరమ్మతు మనిషిని నేనే. వారానికి రెండుసార్లు పిలుపొచ్చేది. ప్రతిసారీ ఒకటే రోగం. అది పూర్తిగా లేవకముందే ఎవరో కరెంటు తీసేస్తున్నారు.

ఆ ఎవరో ఒక పాత లైట్‌మన్. కాలు విరిగాక యజమాని ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏ లైటు ఎటు వెళ్లిందో కంప్యూటర్‌లో ఎక్కించమన్నాడు. కంప్యూటర్ వేయగానే నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లిష్ అక్షరాలు పరుగెత్తేవి. ఆయన చెయ్యి నేరుగా మెయిన్ స్విచ్ మీదికి వెళ్లేది. ఒకరోజు ఒళ్లు మండి అరిచేశాను.

"ముప్పై ఏండ్లు గదే నేర్సుకున్న బిడ్డా. తేడా కొడితే ముందుగాల మెయిన్ బంద్ చెయ్యాలె, లేకుంటే పానం పోతది," అన్నాడు. "ఇంకోసారి గిట్లయితే ఇంటికి పొమ్మన్నడు సేటు."

అప్పుడే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ అక్షరాలన్నీ దాచేసి, మెల్లగా వెలిగే లైటు బొమ్మ పెట్టి, కింద తెలుగులో 'అంతా బాగానే ఉంది, కాస్త ఆగండి' అని రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెల తిరక్కుండానే ఒక సాయంత్రం యజమాని ఫోన్ చేసి తిట్టాడు. వెళ్లి చూస్తే లోపల డిస్క్ పాడై సగంలోనే ఆగిపోయింది, తెర మీద నా లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. పెద్దాయన పొద్దున తొమ్మిది నుంచి అన్నం కూడా తినకుండా దాని ముందే కూర్చున్నాడు.

"ఆగమన్నది, ఆగిన," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాదేనని యజమానికి చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు గానీ, పెద్దాయన్ని ఈసారికి వదిలేశాడు.

"ఖరాబైతే ఖరాబైందని చెప్పమను. నాకేం భయం లేదు," అన్నాడు పెద్దాయన. "నా తప్పు గాదని గూడ రాయి. సేటు సదువుకుంటడు."

ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇంత సూటిగా చెప్పిన మనిషిని చూడలేదు. ఆయన చెప్పినట్టే మార్చాను. రెండు నిమిషాల్లో లేవకపోతే బొమ్మ ఆరిపోయి, 'నేను లేవలేకపోతున్నాను. మరమ్మతుకు ఫోన్ చేయండి. తప్పు మీది కాదు' అని వస్తుంది.

వానాకాలంలో అది మళ్లీ మొరాయించింది. నేను గోడౌన్‌లో అడుగుపెట్టేసరికి యజమాని తెర ముందు వంగి ఆ మాటలు గొణుగుతున్నాడు. లైట్లు మోసేవాళ్లు గుమ్మంలో ఆగి చూస్తున్నారు. ఇన్నాళ్లూ పెద్దాయన్ని చూసి నవ్వినవాళ్లే వాళ్లు.

"ఆఖరిది జర గట్టిగ సదువుండ్రి సేటూ," అన్నాడు పెద్దాయన. "గాడ గుమ్మంల ఉన్నోళ్లకు గూడ ఇనవడాలె."

యజమాని నన్నొకసారి చూసి, గొంతు సవరించుకుని, గట్టిగా చదివాడు.