ఎవుసం లేని కాలం

ఈమధ్య భర్త దేవరాజు పుస్తకం తెరిస్తే సావిత్రమ్మ చేతిలో పని ఆపి అటే చూసేది.

గద్వాల దగ్గర వాళ్ల చేన్లో విత్తనపత్తి, కంపెనీ కోసం సంకర విత్తనం పండించే పత్తి. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె సాయంత్రాలన్నీ మొగ్గల మధ్యే గడిచాయి. ఆడ సాళ్లలో మొగ్గ రెక్కలు ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులు గీకేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి. ఒలవడం మరిచిన మొగ్గ తెల్లారి పూసిందంటే వెంటనే తెంపి పారేయాలి, లేకుంటే సొంత పుప్పొడితోనే కాసిన ఆ కాయ కల్తీ. కల్తీ తేలితే కంపెనీ తరఫున వచ్చే ఆర్గనైజరు మరుసటేడు విత్తనం ఇవ్వడు.

పుస్తకం ఇచ్చింది వనపర్తిలో చదువుకునే మేనకోడలు తేజస్విని. మనిషి పుట్టుక నుంచి నేటిదాకా కథంతా అందులో ఉందట. దేవరాజు చదివి చెప్పే కథ కోతుల దగ్గరున్నంత కాలం సావిత్రమ్మ పట్టించుకోలేదు. ఎవుసం దగ్గరికి రాగానే చెవులు రిక్కించింది.

"ఎవుసం లేనప్పుడే మనుషులు సుకంగ ఉండ్రంట," అన్నాడు దేవరాజు జొన్నరొట్టె తుంచుతూ. "జరసేపు తిరిగి దుంపో పండో ఏరుకుంటే దినం ఎల్లిపోతుండెనంట. నడుము నొప్పులు మనం చేన్లల్ల వంగినంకనే మొదలైనయంట."

"చూసొచ్చిండా?"

"ఎముకలు చూసి చెప్తరే."

"ఆ రాసినాయనకు చేనెంతుంది?"

"ఆయనకు చేనెందుకు?"

"గందుకే."

దేవరాజు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఈ ఇంట్లో భూమి ఎన్నడూ కొట్లాటతో పోలేదు. దేవరాజు అన్నయ్య తన భాగం అమ్మి వదిలించుకునే ముందు ఏడాదంతా మన్నులో సత్తువ లేదని మెల్లగా అంటూ తిరిగాడు. మాట ముందొస్తుంది, మనిషి దాని వెనక పోతాడు.

మర్నాడు పొద్దున ఆమె, ముందురోజు సాయంత్రం ఆయన ఒలవాల్సిన సాలులోకి వచ్చి ఆగిపోయింది. ఎర్ర కాగితం లేని పువ్వులు చివరిదాకా విచ్చుకుని ఉన్నాయి. గట్టు మీద నిన్న ఆయన కూర్చున్న చోట గడ్డి అణిగి ఉంది.

"కావాలని ఇడిశినవ్ గదా?"

"ఏంది?"

"కల్తీ అని తేలితే ఆర్గనైజరే విత్తనం బంద్ చేస్తడు. ఎవుసం వద్దని నీ నోటితోని అనే పని ఉండదు."

దేవరాజు పువ్వుల వంక చూశాడు. "చదువుకుంట కూసున్న. పొద్దు గూకింది తెల్వలే, సావిత్రీ."

"ఏం చదివినవ్ అంతగనం?"

"ఆ నడుము ముచ్చటనే. మళ్లొకసారి."

తనకు నడుము నొస్తోందని ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

దూరాన ఆర్గనైజరు బండి చప్పుడైంది. ఇద్దరూ వంగి పువ్వులు తెంపసాగారు. ఆమె కొంగు నిండింది, ఆయన జేబులు నిండాయి. సాలు ముగించి ఆయన చేత్తో నడుము పట్టుకుని లేచేసరికి, ఆమె మళ్లీ మొదటి చెట్టు దగ్గర నిలబడి కొమ్మకొమ్మ ఎత్తి చూస్తోంది.

"నా మీద నమ్మకం లేదా?"

"ఆ పుస్తకం అయిపోనీ, చెప్త."