తోడుకి కాస్త పెరుగు

పొద్దున వెనక సందులోంచి ఎర్ర తోటకూర వేపుడు వాసన వచ్చింది. వెల్లుల్లి కాస్త మాడినట్టుంది. చేతిలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. ఆ వాసనకి నాకు ఆకలి కంటే ముందు రత్నం పిన్ని గుర్తొస్తుంది.

పిన్ని మాకు చుట్టమేమీ కాదు. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి వచ్చి, భిలాయి సెక్టర్ 6లో మా పక్క క్వార్టర్లో ముప్పై ఏళ్ళు ఉన్న మనిషి. ఆవిడ భర్తా, మా నాన్నా స్టీలు ప్లాంటులో ఒకే షిఫ్టు. నా చిన్నప్పుడు మా వీధిలో అందరివీ ఒకేలాంటి ఇళ్ళు, ఒకేలాంటి సైకిళ్ళు, జీతాలూ ఇంచుమించు ఒకటే. ఎవరైనా కొత్త కుక్కరు కొంటే వీధంతా వెళ్ళి చూసొచ్చేది.

కొత్త కుటుంబం దిగిందంటే పిన్ని ఆ సాయంత్రమే చిన్న గిన్నె పట్టుకుని వాళ్ళ తలుపు తట్టేది. "తోడుకి కాస్త పెరుగిస్తావేటమ్మా?" అనేది. తెలుగు రానివాళ్ళని హిందీలో అడిగేది. ఆ హిందీకీ బొబ్బిలి యాసే. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ వంటింట్లో కుండెడు పెరుగుందని నాకు తెలుసు. తిరిగొస్తూ, "ఎందుకు పిన్నీ అబద్ధమాడావు?" అని అడిగేశాను.

"కొత్తోళ్ళకి మనం ఏటన్నా ఇస్తే మొహమాటపడతారే. మనమే అడిగితే ఆళ్ళకి ఊపిరొస్తది. ఈ ఊళ్ళో ఒకళ్ళకి నేనూ ఇవ్వగలనని తెలుస్తది," అంది.

తర్వాత వీధి మారిపోయింది. నాన్న తరంవాళ్ళు ఒక్కొక్కరే రిటైరయ్యారు. పర్మనెంటు ఉద్యోగాలు తగ్గాయి. క్వార్టర్లు లీజుకి తీసుకున్నవాళ్ళు ఇళ్ళ ముందు షెడ్లు వేసి కార్లు పెట్టుకున్నారు. వెనక సందులోని రేకుల గదుల్లోకి, ప్లాంటులో కాంట్రాక్టరు కింద రోజుకూలీ చేసేవాళ్ళు వచ్చారు. ముందు గుమ్మంలో నిలబడితే ఒక ఊరు, వెనక గుమ్మంలో నిలబడితే ఇంకో ఊరు.

పిన్ని అలవాటు మాత్రం మారలేదు. వెనక సందులో ఫూల్‌బాయి అనే ఆమెని పెరుగడిగితే ఆమె తల వంచుకుంది. వాళ్ళు పాలే కొనరు. పిన్ని తడబడటం నేను చూసింది అదొక్కసారే. గభాలున గోడవార మొలిచిన ఎర్ర తోటకూర చూపించి, "యే భాజీ కైసే బనాతే బహూ?" అంది. ఫూల్‌బాయి మొహం విప్పారింది. గిన్నె నిండా కోసిచ్చి, ఎలా వండాలో చేతులు తిప్పుతూ చెప్పింది. ఇంటికొచ్చి పిన్ని వెల్లుల్లి మాడ్చేసింది. అయినా ఇద్దరం ఊడ్చుకు తిన్నాం.

ఆ మరుసటి ఏడు ముందు వరసలో ఉండే దూబే సార్ ఒక మీటింగు పెట్టాడు. ఆయనకి కోచింగ్ సెంటరుంది. దొంగల భయం ఉంది కాబట్టి వెనక సందుకి గేటు పెట్టి తాళం వేద్దామన్నాడు. అలా చేస్తే అక్కడివాళ్ళు మా వైపు కుళాయి నీళ్ళకోసం వీధంతా చుట్టి రావాలి. అయినా అందరూ తలూపారు, మా నాన్నతో సహా. పిన్ని లేచింది.

"దూబే బాబూ, నాకో సాయం చేస్తావా?"

"చెప్పండి అమ్మాజీ."

"ఫూల్‌బాయి కూతురు పదో క్లాసు. లెక్కల దగ్గర ఏడుస్తంది. నాకేటి తెలుస్తది లెక్కలు? ఆదివారం మా వరండాలో గంటసేపు చెప్తావా?"

అంతమందిలో ఆయన కాదనలేకపోయాడు. ఆదివారం మొహం ముడుచుకునే వచ్చాడు. మూడో వారానికి గంట రెండు గంటలైంది. దూబే గారి భార్య పకోడీలు పంపడం మొదలుపెట్టింది. గేటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్ల పాసైన రోజు దూబే సారే దూద్‌పేడాల డబ్బా పట్టుకుని వెనక సందు నుంచి మొదలుపెట్టి వీధంతా పంచాడు. "సూడే, పిల్ల కంటే ఈయనకే ఎక్కువ సంబరం!" అని పిన్ని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

పిన్ని పోయి నాలుగేళ్ళయింది. నేను స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. మొన్న కాంట్రాక్టు మీద ఒక అమ్మాయి చేరింది. స్టాఫ్ రూములో పర్మనెంటు వాళ్ళందరం ఒక బల్ల దగ్గర. ఆమె కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచింది.

"మేడమ్, ఫోన్లో హాజరు ఎక్కించడం నాకు రావట్లేదు. కాస్త చూపిస్తారా?" అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని మా బల్ల దగ్గరికి వచ్చింది. ఎక్కడ నొక్కాలో ఓపిగ్గా, ఒకటికి రెండుసార్లు చూపించింది. నేను శ్రద్ధగా విన్నాను. ఆ పని నాకు రెండేళ్ళ నుంచీ వచ్చు.