అమ్మవారికి హోంవర్క్

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా బడి నిండా ఆటలమ్మ పాకింది. పొక్కు కనిపించిన పిల్లల్ని చెక్కులు రాలేదాకా పంపొద్దని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. మర్నాడే దాని పొట్ట మీద పొక్కులు. నాకు పాఠాలు పోతాయని బెంగ. దానికి వేరే బెంగ. ఒకే బెంచీ మీద కూర్చునే స్నేహితురాలి నాన్నకు నాగపూర్ ట్రాన్స్‌ఫర్ అయింది. శనివారం ప్రయాణం. ఆ చివరి వారం బెంచీ మీద తను లేకపోతే ఎలా?

మా అత్తగారు శ్రీకాకుళం వైపు మనిషి. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో జీవితమంతా గడిచినా ఆవిడ యాస చెక్కుచెదరలేదు. గుమ్మానికి వేపమండలు కట్టి, వంటింట్లో తాలింపులు మాన్పించి, పిల్లకే దండం పెట్టింది. ఇంట్లో ఉన్నది అమ్మవారట. కసరకూడదు, అడిగింది కాదనకూడదు.

నేను ఎక్కాల పుస్తకం తీశానో లేదో, "ఏటమ్మా, అమ్మోరి సేత ఎక్కాలు సెప్పిత్తావా? కళ్ళు పోతాయి!" అంది.

పిల్ల లేచి కూర్చుంది. "అచ్ఛా! నానమ్మా, నేను అమ్మోరినా?"

"అవునే తల్లీ. ఏటి గావాలో అడుగు."

"స్కూల్‌కి ఎల్తాను."

అంత నోరున్న మనిషి గబగబా వేపమండలు సర్దడం మొదలుపెట్టింది. నాకు నవ్వాగలేదు. చివరికి, "నీళ్ళోసేదాకా అమ్మోరు గుమ్మం దాటదమ్మా" అని తప్పించుకుంది. పిల్ల గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఎక్కాల పుస్తకం పక్కన పెట్టి దాని వీపు నిమిరాను.

శనివారం పొద్దున్నే వరండాలో ఆ స్నేహితురాలు! ముఖం నిండా పొక్కులు, చెవుల దాకా నవ్వు. వాళ్ళ నాన్న ఒక్కడే వెళ్ళాడట. పిల్లకు తగ్గాకే మిగతావాళ్ళు. "మీ ఇంట్లో ఎలాగూ ఆటలమ్మ ఉంది కదా దీదీ, ఇక్కడికొస్తానని ఒకటే ఏడుపు" అంది వాళ్ళమ్మ హిందీలో.

"ఓలమ్మో, ఒకింట్లో ఇద్దరమ్మోర్లా!" అంటూ అత్తగారు ఇంకో చాప పరిచింది. పిల్లలు పరుపు చుట్టి దాన్ని బెంచీ అన్నారు. నేను బతిమాలినా తెరవని ఎక్కాల పుస్తకం వాళ్ళే తెరిచారు. ఇల్లంతా ఏడో ఎక్కంతో మోగిపోయింది.

సాయంత్రం దీపం పెట్టి, "సల్లగా ఎల్లిపో తల్లీ" అని అత్తగారు మొక్కుకుంటోంది. పక్కనే మా పిల్ల కళ్ళు మూసుకుని, "వద్దు తల్లీ, ఇంకొన్నాళ్ళుండు" అంది.

అత్తగారు కసరబోయి, ఎవర్ని కసరబోతోందో గుర్తొచ్చి, నాలిక కరుచుకుంది.