కంప్యూటర్ కట్టమన్న నిమ్మకాయ

సైదాబాద్‌లో ఉన్న రోజుల్లో నేను కొన్న మొదటి కారు అమ్మ మోకాళ్ల కోసం కొన్నది. ఉప్పుగూడలో మంచం పట్టిన పెద్దమ్మను ప్రతి ఆదివారం చూడకపోతే అమ్మకు వారం గడవదు. ఆటో కుదుపులకు ఆవిడ మోకాళ్లు తట్టుకోవు. కారు వచ్చాక కొన్నాళ్లు హాయిగా వెళ్లొచ్చింది.

ఒక ఆదివారం ఉప్పుగూడ రైలు గేటు దాటుతుంటే, సరిగ్గా పట్టాల మీద బండి ఆగిపోయింది. స్టీరింగ్ వెనక ఇంజను బొమ్మ దీపం ఒకటి పసుపుగా వెలిగి ఊరుకుంది. గేటు వేసే మనిషి అరుస్తున్నాడు. వెనక స్కూటర్ల మీదున్నవాళ్లు దిగొచ్చి, ఫికర్ నక్కో, కంగారు పడొద్దు అంటూ బండిని అవతలికి తోశారు. అక్కడ అది ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అమ్మ మాత్రం పెద్దమ్మ ఇంటి ముందు దిగి కారు తలుపు గట్టిగా వేసింది. బాగుచేయించేదాకా ఇక ఆ కారు ఎక్కనంది.

ఇక షోరూము. ఏసీ, సోఫాలు, కాఫీ మిషను, టై కట్టుకున్న సర్వీసు అడ్వైజరు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. అతను బండికి వైరు తగిలించి, కంప్యూటర్ చూసి, ఏ లోపమూ లేదన్నాడు. డాక్టరుని చూడగానే జ్వరం తగ్గినట్టు, ఆ దీపం కూడా షోరూము గుమ్మంలోనే ఆరిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించామని ఒకసారి, ఎక్కించినదాన్ని సరిచేసే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కించామని మరోసారి చెప్పి పంపారు. రెండుసార్లూ ఇల్లు చేరకముందే బండి ఆగింది. ఆ తర్వాత నేను క్లచ్ తొక్కే పద్ధతే బాగాలేదని తేల్చారు. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడని విన్నాను. ఇక్కడ మద్దెల అమ్మినవాడు నాకు ఆట రాదంటున్నాడు.

ఈలోగా ఆదివారాలు పోతున్నాయి. పెద్దమ్మ కబురు మీద కబురు పంపుతోంది.

మళ్లీ వెళ్లి గొంతు పెంచాను. అడ్వైజరు అటూ ఇటూ చూసి నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

"ఏమనుకోకుండ్రి సార్. కంప్యూటర్ల ఏం దొరుకుతలేదు. బండి మస్తుగున్నది కద, ఎవరి దిష్టో తగిలినట్టున్నది. ముంగట ఒక నిమ్మకాయ కట్టుండ్రి."

నాకు ఒళ్లు మండింది. ఇన్ని వైర్లు, ఇన్ని సాఫ్ట్‌వేర్లు, ఆఖరికి నిమ్మకాయ. అయినా అమావాస్య వస్తే గుమ్మానికి నిమ్మకాయ కట్టందే ఊరుకోని మనిషి అమ్మ. ఈ వైద్యమైనా ఆవిడకు నచ్చుతుందనుకున్నాను. దారిలో నిమ్మకాయ, మిరపకాయలు కొని బంపరుకు కట్టాను. షోరూములో అన్న మాట కూడా ఇంటికి వెళ్లి చెప్పాను.

అమ్మ నిమ్మకాయను చూసింది, నన్ను చూసింది.

"మన చేతిలో లేనిదానికే కదరా నిమ్మకాయ కడతాం. అయితే ఈ బండి వాళ్ల చేతిలో కూడా లేదన్నమాట."

ఆదివారం ఆటో పిలవమంది. నిమ్మకాయ కట్టిన కారు ఎవరి దిష్టీ తగలకుండా ఇంటి ముందు భద్రంగా నిలబడి ఉంది. అమ్మ నా భుజం పట్టుకుని ఆటో ఎక్కింది. ఉప్పుగూడ దాకా ప్రతి గుంతకీ మూలుగుతూనే ఉంది, కారు మాట మాత్రం ఎత్తలేదు.