మామ ఎక్కిన ఓడ

మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో సిటీబస్సు ఒకటి ఆగి ఉంది. లారీ గుద్దినట్టుంది, పక్క రేకు లోపలికి నొక్కుకుపోయింది. జనమంతా డ్రైవర్ల తగువు చూస్తుంటే నేను రేకు అంచులు చూస్తూ నిలబడ్డాను. రిటైరైనా పోని అలవాటు. విరిగిన లోహాన్ని చూసి దెబ్బ ఎటు నుంచి తగిలిందో చెప్పడమే ప్రభుత్వ ల్యాబులో నేను చేసిన ఉద్యోగం. మా మేనత్త మాత్రం అడిగినవాళ్లకు "మా అన్న కొడుకు ఇరిగిన ఇనుము సూస్తడు" అని చెప్పేది. దాంతో దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె గల్లీవాళ్లు నాకు పాత సామాన్ల దుకాణం ఉందనుకునేవాళ్లు. ఒకాయన తుప్పుపట్టిన కూలరు కొనుక్కోమని కూడా అడిగాడు.

అత్త భర్త యుద్ధనౌకలో ఇంజను గదిలో పనిచేసేవాడు. పోచంపల్లి వైపు మగ్గాల ఇంట్లో పుట్టినవాడు సముద్రం మీదికి ఎందుకు పోయాడో మా ఇంట్లో ఎవరికీ అంతుబట్టలేదు. పెళ్లయిన రెండో ఏడే, డెబ్బై ఒకటి యుద్ధంలో ఆ ఓడ ఆయనతో సహా మునిగింది. అత్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, చీరలకు ఫాల్స్ కుట్టి బతికింది. చుట్టూ హాస్టళ్లు లేచాయి, మెట్రో వచ్చింది. ఆమె మాత్రం కదల్లేదు.

నేను రిటైరయ్యే ముందు ఏడు, సముద్రం అడుగున ఆ ఓడను తీసిన చిత్రాలు మా ల్యాబుకు వచ్చాయి. మా మామ ఎక్కిన ఓడ అని పైవాళ్లకు చెప్పాను. అయితే ఇంకా శ్రద్ధగా చూస్తావన్నారు. చూశాను. అడుగు రేకులు లోపలికి గుంటలు పడ్డాయి, ఓడ నడుము విరిగింది. సబ్‌మెరీన్ వదిలిన టార్పెడో దాని కిందనే పేలింది. అంతవరకు తేలికే. ఇంజను గది తలుపు దగ్గర ఆగిపోయాను. నీళ్లు చొరబడకుండా బిగించే ఇనుప తలుపు అది. పిడి తెరిచే వైపు పూర్తిగా తిప్పి ఉంది. చట్రం వంకరపోయి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఓడ ఎట్లా మునిగిందో నేవీవాళ్లు కుటుంబాలకు తెలియజేసిన వారం అత్త పిలిచింది. అన్నం పెట్టి, నేను తినేదాకా ఏమీ అడగలేదు. తర్వాత రేకుల గురించి నేను చెప్పిందంతా ఓపికగా విన్నది.

"రేకులు కాదు బిడ్డా. ఆయనున్న తాన ఏం సూసినవో గది చెప్పు. ఇంకెప్పుడు వింట నేను?"

తలుపు గురించి చెప్పాను.

"పిడి ఎవలు తిప్పిన్రు? లోపలున్నోళ్లా, బయటోళ్లా?"

అది రెండు వైపుల నుంచీ తిరిగే పిడి. ఏ వైపు చెయ్యి తిప్పిందో ఇనుము చెప్పదన్నాను.

"గింత సదివినవు గద," అంది మెల్లగా. కోపం లేదు. "జర మల్ల సూడు."

మళ్లీ చూశాను. చిత్రాలు పెద్దవి చేసి చూశాను, నాకంటే అనుభవమున్నవాళ్లను అడిగాను. తేల్లేదు. ఆదివారాలు వెళ్తే గుమ్మంలోనే నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా కుర్చీ వేసేది. ఒకరోజు తనే, "బయటి నుంచే అయ్యుంటది. ఆయన కోసం ఎవలో ఒచ్చిన్రు" అని నా వైపు చూసింది. నేను ఆమె సూదికి దారం ఎక్కించి చేతికిచ్చాను.

అత్త పోయి ఏడాదైంది. మామ ఫొటో ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి, ఇవాళ నా చిన్న కూతురి కంటే చిన్నవాడు.