వదిన అంటించిన పాల కవరు

మా వదిన పోయింది. మా అన్న భార్య. మొన్న మంగళవారం పొద్దున వాకిట్లో ముగ్గేసి, గుమ్మంలో కూర్చుంది, మళ్ళీ లేవలేదు. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి. రాస్తే అక్షరాలు వంకర పోతాయి. అయినా ఇది నేనే రాయాలి. ఆమె చేతిలో నా అంత బాగా ఓడిపోయినవాడు అరవదేశంలోని ఈ రాజపాళయంలో ఇంకొకడు లేడు.

మా రెండు ఇళ్ళూ పక్కపక్కనే. రెంటికీ ఉత్తరపు గోడ వీధివైపు. సంక్రాంతికి ముందు వచ్చే మార్గళి నెలలో ఆ గోడకు ఎండ తగలదు. అంతకు ముందు తాగిన వాన, పైన పడే మంచు, అంతా దాని కడుపులోనే ఉంటుంది. మా ఊళ్ళో తప్పు ఏమిటంటే, పొంగలి పండక్కి ఇల్లు మెరవాలని ఆ మార్గళిలోనే పెయింటు కొడతారు. నేనూ కొట్టించాను. రెండేళ్ళు వరసగా. రెండోసారి అన్నిటికన్నా మంచి పెయింటు తెప్పించి, పక్కనే నిలబడి కొట్టించాను. అదీ నిలవలేదు.

మొదటి ఏడే వదిన తన గోడను వట్టిగానే వదిలేసింది. చలి పోయి మాసి నెల ఎండలు వచ్చేసరికి నా గోడ బొబ్బలెక్కింది. ఆమె వీధిలో నిలబడి చూసింది.

"ఏం మరిదీ, గోడకు అమ్మవారు పోసినాదా? వేపాకు కట్టేదా?"

"అంగడివాడు మోసం చేసినాడు వదినా."

"వాడేం చేసినాడప్పా! తడి గుడ్డ మడిచి పెట్లో పెడితే ఏమవుతాది? నానిన గోడకు సొక్కా తొడిగినావు నువ్వు."

ఆ మాసిలోనే తన గోడకు కొట్టించుకుంది. అంతకు ముందు సన్‌షేడు అడుగున మేస్త్రి చేత వేలు పట్టేంత గాడి తీయించింది. వాన నీళ్ళు ఆ గాడి దగ్గర తెగి కింద పడాలి, గోడమీదికి పాకకూడదు. పొద్దున అందరూ బకెట్టెత్తి వాకిట్లో నీళ్ళు విసిరితే, ఆమె వంగి చేత్తో చల్లేది. గోడ పాదానికి చుక్క తగలనిచ్చేది కాదు. మా ఆవిడ విసిరితే అక్కడి నుంచే అరిచేది: "గోడకు కూడా సలి ఉండాదే!"

ఈ పొంగలికి మొదటిసారి నా గోడను గీకించి వట్టిగా వదిలాను. వీధిలో నవ్వారు. "పెద్దాయనకు పెయింటుకు గతి లేదా?" అని నాకు వినబడేలాగే అన్నారు. నన్ను అంత మాట అన్నవాడు అంతకు ముందు లేడు. మింగాను. గోడను వట్టిగా వదలమన్నది వదిన. ఆమె పాల పాకెట్టు కవరు కత్తిరించి, నాలుగు వైపులా టేపు వేసి నా గోడకు అంటించేది. మరునాడు పీకి చూస్తే లోపల నీటి ముత్యాలు.

"ఇంకా ఏడస్తా ఉండాది మరిదీ. ఏడుపు ఆగనీ."

పొంగలితో మొదలయ్యే తై నెలంతా ఇదే. మాసి పుట్టాక, మొన్న సోమవారం సాయంత్రం కొత్త కవరు అంటించి, "రేపు సూస్తాం" అంది.

మంగళవారం ఆమెను చూడ్డానికి ఊరంతా వచ్చింది. చోటు లేక మగవాళ్ళు ఆమె ఉత్తరపు గోడకు ఆనుకుని నిలబడ్డారు. తెల్ల చొక్కాలు. నన్ను చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు వాళ్ళలో. వాళ్ళు పక్కకు జరిగినప్పుడు నేను వీపులు చూశాను. ఒక్క వీపుకూ పెయింటు పొడి అంటలేదు. రెండు వానకాలాలు తాగిన గోడ అది! ఏడుస్తున్నవాణ్ణి ఏడుస్తూనే ఛాతీ విరుచుకున్నాను.

స్మశానం నుంచి వచ్చి తలస్నానం చేసి, తడి పంచెతోనే నా గోడ దగ్గరికి పోయాను. కవరు అలాగే ఉంది. గోటితో టేపు లేపి, పీకి చూశాను, ఒక్క నీటి ముత్యం లేదు. చెంప తుడుచుకుని, లోపలి వైపు దానికి ఆనించుకున్నాను. పొడి. గోడమీద అరచెయ్యి పెట్టాను. పొడి.

ఆమె ఇంటివైపు తిరిగి, వీధి అదిరేలా అరిచాను.

"వదినా! ఎండినాది!"

లోపల ఆడవాళ్ళు ఏడుపు ఆపి బయటికి వచ్చారు. నేను పాల కవరు పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నాను. దానిమీద మాసి ఎండ తళతళమంటోంది.